బండి ముక్కుకు తడిగుడ్డ

మా బావ దాసన్నను మంచివాడని అనని మనిషి బేతంచెర్లలో లేడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మంచివాడే, నేను కాదనను. తన పళ్ళెంలోది తీసి ఎదుటివాడికి పెడతాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు, ఆదివారం అందరికంటే ముందు చర్చికి వెళ్ళి చాపలు పరుస్తాడు. కానీ ఒక మాట ఆయన బుర్రలో పడిందంటే దాన్ని బయటికి లాగడం పాస్టరుగారి తరం కూడా కాదు. తడిగుడ్డ కట్టుకున్నవాడే బతుకుతాడు అన్నది అలా ఆయన వయసులో ఉండగా బుర్రలో పడిన మాట. అది మా అక్క ప్రేమమ్మ ప్రాణం మీదికి ఎలా వచ్చిందో చెబుతాను.

ఆ మాట ఊరికే పడలేదు, అదీ చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో బావ నాపరాళ్ళ ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర పనిచేసేవాడు. రాయి కోసేటప్పుడు నీళ్ళు వదలాలి, లేకపోతే పొడి లేస్తుంది. ఆ రోజుల్లో నీళ్ళు ఎవరు వదిలారు? మధ్యాహ్నానికల్లా మనుషులు పిండిమరలోంచి బయటికి వచ్చినట్టు తెల్లగా తయారయ్యేవాళ్ళు. బావ మాత్రం అక్క పాత చీర చింపిన గుడ్డను నీళ్ళలో ముంచి, ముక్కూ నోరూ కప్పుకుని, తల వెనక ముడి వేసుకునేవాడు. పక్కన పనిచేసే యేసుప్రసాద్, జోసెఫ్ ఆయనను కొత్త పెళ్ళికూతురని ఆటపట్టించేవాళ్ళు. తర్వాత యేసుప్రసాద్‌కు దగ్గు పట్టుకుంది. టీబీ అన్నారు, మందులు మింగించారు, తగ్గలేదు. అతను పోయిన కొన్నాళ్ళకు జోసెఫ్ కూడా అలాగే దగ్గి దగ్గి పోయాడు. ఇద్దరి పెట్టెలూ మోసినవాళ్ళలో బావ ఉన్నాడు. జోసెఫ్ సమాధిలో మట్టి వేసి ఇంటికి వచ్చి, మా అక్కతో ఒకే మాట అన్నాడట.

"నీ చీర గుడ్డే నన్ను నిలబెట్టింది ప్రేమా."

ఆ తర్వాత ఫ్యాక్టరీ మానేశాడు. ఊరు మారిపోతున్న పాస్టరుగారి దగ్గర ఒక పాత వ్యాన్ కొన్నాడు. కార్బురేటర్ బండి, ముందు సీటు లేపితే కింద ఇంజను ఉంటుంది. అలాంటివి ఇప్పుడు రోడ్డు మీద ఎక్కడా కనబడవు. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రులకు, చర్చి కూటాలకు దాన్ని తిప్పి ఇల్లు గడిపాడు. కొత్త బండ్లు వచ్చాక దాన్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. సరిగ్గా అప్పుడే మా అక్క కిడ్నీలు పాడయ్యాయి. రోజు మార్చి రోజు కర్నూలు తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. బస్సులో అంత దూరం ఆమె కూర్చోలేదు. బావ వెనక సీట్లు తీసేసి పరుపు వేశాడు, ఇక ఆ వ్యాన్ అక్కదే అయింది.

డోన్ వైపు వెళ్ళే ఆ దారి తెలిసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీలు పారబోసిన తెల్లటి బురద రెండు పక్కలా ఎండి కుప్పలుగా పడి ఉంటుంది. ఎండాకాలం పోయి గాలులు మొదలైతే ఆ కుప్పలన్నీ లేచి రోడ్డు మీద తిరుగుతాయి. లారీలు పట్టపగలు లైట్లు వేసుకుని వస్తాయి. అక్కకు పొడి తగలకూడదని బావ వెనక అద్దాలన్నీ మూసి, సందుల్లో కాగితాలు కుక్కేవాడు. ఊపిరి ఆడాలి కదా అని తన పక్క అద్దం మాత్రం కాస్త తెరిచి పెట్టుకునేవాడు.

ఈ ఏడు గాలులతోపాటే బండికి జబ్బు చేసింది. ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపులు. యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు పోవాల్సింది పోయి ఉక్కిరిబిక్కిరి అయినట్టు గుటకలు వేసేది. వెనక నల్లటి పొగ. పెట్రోలు ఎంత పోసినా చాలేది కాదు. నేను డోన్ దారిలో ఉన్న ఒక హాస్టల్లో వంట మనిషిని. సెలవు దొరికిన రోజు హాస్టలు గేటు ముందు ఆ వ్యాన్ ఎక్కి అక్కకు తోడు వెళ్ళేదాన్ని. ఎక్కగానే పెట్రోలు వాసన గుప్పున కొట్టేది.

"ఏం కంపు బావా ఇది? నీకు రావడం లేదా?" అని అడిగితే, "నాకేం తెలీడం ల్యా మే," అనేవాడు. నిజమే పాపం. కరోనా వచ్చి పోయినప్పటి నుంచి ఆయనకు వాసన అన్నదే తెలియదు. చేపల పులుసు ముందు పెట్టినా, ఫినాయిల్ పెట్టినా ఒకటే.

అక్కకు మాత్రం ఆ బండి అంటే ప్రాణంగా ఉండేది. ఇంట్లో ఆమెకు నిద్ర ఉండదు. ఒళ్ళంతా దురద, కాళ్ళు లాగడం, పడుకుంటే ఆయాసం. వ్యాన్ ఎక్కి డోన్ దాటేసరికి కళ్ళు మూతలు పడేవి. "నా నిద్రంతా ప్రభువు ఈ బండిలోనే దాసిపెట్టినాడే కృపా," అని నవ్వేది. ఎంత నిద్రపోయినా లేచేసరికి తల పగిలిపోతోందని పట్టుకునేది. కర్నూల్లో దిగేటప్పుడు తూలేది. జబ్బు మనిషి కదా, తూలకుండా ఎలా ఉంటుందని అందరూ అనుకున్నాం. నాకూ ఆ బండిలో వెళ్ళిన రోజు సాయంత్రం దాకా తలనొప్పి ఉండేది. దాన్ని ఎండ మీదికి తోసేశాను.

బండి జబ్బు కోసం బావ మెకానిక్ ఓబులేసు షెడ్డుకు తిరగని వారం లేదు. ఓబులేసు పనిమంతుడే, కానీ నోరు తీపి, చేయి నిదానం. మొదటిసారి ప్లగ్గులు విప్పి చూస్తే దీపం మసి పట్టినట్టు నల్లగా ఉన్నాయి. "దీనికి పెట్రోలు ఎక్కువ పోతాంది, గాలి సాలడం ల్యా," అని చోక్ తీగ పట్టేసిందన్నాడు, నూనె వేశాడు. రెండోసారి కార్బురేటర్ మొత్తం విప్పి కడిగి లోపలి సూది మార్చాడు. ఇంకోసారి పెట్రోలు చిమ్మే జెట్లు మార్చాడు. ఆఖరికి గాలి ఫిల్టరు కూడా కొత్తది వేశాడు. విచిత్రం ఏమిటంటే, షెడ్డులో స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆ బండి బుద్ధిమంతురాలిలా తిరిగేది. పొగ లేదు, కుదుపు లేదు. మళ్ళీ కర్నూలు పోయి వస్తే ప్లగ్గులు నల్లగా ఉండేవి.

"ఈడ బాగుండాది, ఆడికి పోతే బాగుండదు. దీనికేమన్నా దయ్యం పట్టిందేమో దాసన్నా," అని ఓబులేసు పళ్ళు ఇకిలించాడు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను.

"దయ్యం కాదు, నువ్వు పట్టినావు. నవ్వుతా నవ్వుతా ఒక్కో సామాను మారుస్తాండావు. తడిగుడ్డతో గొంతు కోసే రకమప్పా నువ్వు," అనేశాను.

ఓబులేసు ముఖం మాడిపోయింది. బావ నా వైపు, తప్పు మే, అన్నట్టు చూసి, కొళాయి దగ్గరికి వెళ్ళి గుడ్డలు జాడించుకున్నాడు. ఎక్కడికి చేరినా ముందు ముఖం మీది గుడ్డ విప్పి, జాడించి, ఆరేయడం ఫ్యాక్టరీ నాటి నుంచీ ఆయనకు అలవాటు. ఆ రోజు కూడా రెండు గుడ్డలు పిండి షెడ్డు తీగ మీద ఆరేశాడు. ఒక ముఖానికి రెండు గుడ్డలెందుకని ఎవరికీ తట్టలేదు. మా ఊళ్ళో ఎవరి భుజాన చూసినా అలాంటి గుడ్డ ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరు లెక్కపెడతారు?

ఆ వారంలోనే అది జరిగింది. గాలి మరీ ఉధృతంగా ఉన్న పొద్దు. నేను హాస్టలు దగ్గర ఎక్కబోతే అక్క వెనకాల అప్పటికే కళ్ళు మూసుకుని ఉంది. లేపడం ఎందుకని ముందు సీట్లో కూర్చున్నాను. దారిలో నాకు కడుపులో తిప్పింది. వెల్దుర్తి దగ్గర బండి ఆపించి రోడ్డు పక్కన కక్కుకున్నాను. పొద్దున తిన్న ఉగ్గాని పడలేదనుకున్నాను. బావ నీళ్ళు ఇచ్చి, "నువ్వు ఇంకా నయం మే, మీ యక్క సూడు, ఎట్ల పండుకుందో, పసిబిడ్డ మాదిరి," అన్నాడు. వెనక్కి తిరిగి చూశాను. అక్క నోరు కొంచెం తెరుచుకుని ఉంది. బుగ్గల్లో ఎన్నడూ లేని ఎరుపు. ఒంట్లోకి రక్తం వచ్చినట్టుందని నేను సంతోషపడ్డాను. 

కర్నూల్లో ఆసుపత్రి ముందు బండి ఆగింది. బావ గుడ్డలు జాడించుకు రావడానికి కొళాయి వైపు పోయాడు. నేను వెనక డోరు తీసి అక్క పాదం పట్టుకుని ఊపాను. లేవలేదు. భుజం పట్టి కుదిపాను. తల అటు నుంచి ఇటు వాలింది. అక్కా అని పిలుస్తూ చెంపల మీద కొట్టాను. ఆమె ఒళ్ళు వెచ్చగానే ఉంది, మనిషి మాత్రం అందులో లేదు. నేను వేసిన కేకకు స్ట్రెచరు తెచ్చారు. నర్సు వేలికి మిషను పెట్టి చూసి, ఆక్సిజన్ బాగానే ఉంది కదా అంది. బాగానే ఉంటే ఎందుకు లేవదని ఆ నర్సు మీద పడి అరిచాను. లోపల ముఖానికి మాస్కు బిగించి గాలి పెట్టారు.

చాలాసేపటికి అక్క కళ్ళు తెరిచింది. బావను చూసి, "వచ్చేసినామా?" అంది. బావ ఆమె మంచం కాలు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

అక్కడి డాక్టరమ్మ చిన్న పిల్ల. మమ్మల్ని బయటికి పిలిచి వింత ప్రశ్న అడిగింది. ఇంట్లో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుంటారా, గదిలోకి ఏదైనా పొగ వస్తుందా అని. "మాది గ్యాసు పొయ్యి మేడం, పొగే ఉండదు," అన్నాడు బావ. మీకు కూడా తల నొప్పిగా ఉందా అని ఆమె నన్ను అడిగింది. నేను కక్కుకున్న సంగతి చెప్పాను. పొగ విషం రక్తంలో కలిసినా వేలి మిషను ఆక్సిజన్ బాగుందనే చూపిస్తుంది, రక్తం పరీక్షకు పంపిస్తాను, పొగ ఎక్కడిదో మీరు వెతకండి, అది తెలిసేదాకా ఆమెను అక్కడ ఉంచకండి అంది. ఇంట్లో పొగ లేదు. ఇక మిగిలింది బండి ఒకటే. ఆ సాయంత్రం డయాలసిస్ అయ్యాక నేను బావ మాట వినకుండా అక్కను బస్సులో నా ఒళ్ళో పడుకోబెట్టుకుని ఊరికి తెచ్చాను. బావ ఖాళీ బండిని వెనకే తోలుకొచ్చాడు.

మర్నాడు ఓబులేసు షెడ్డుకు నేనే పోయాను. ముందు తిట్టినదాన్ని, ఏ ముఖం పెట్టుకుని పోయానో నాకే తెలుసు. జరిగింది వినేసరికి అతని నోటిలో తీపంతా పోయింది.

"షెడ్డుకు తెస్తే దాని రోగం దాసుకుంటాంది అక్కా. నేనే మీ ఇంటికొస్తా. ఆయన్ను రోజూ ఎట్ల బయలెల్తాడో అట్ల బయలెల్లమను. నేను లేననుకోమను," అన్నాడు.

వచ్చాడు. మా అక్క వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఓబులేసు గోడ నీడన నిలబడ్డాడు. బావ కొళాయి తిప్పి ఒక గుడ్డను తడిపాడు, పిండాడు, ముఖానికి కట్టుకున్నాడు. తర్వాత రెండోది తడిపాడు. ఈసారి పిండలేదు. నీళ్ళు కారుతుండగానే తీసుకెళ్ళి, ముందు సీటు లేపి, లోపలికి వంగాడు.

"దాసన్నా, అదేంది?" అన్నాడు ఓబులేసు.

"గుడ్డ."

"గుడ్డేనని నాకూ కనపడతాండాది. యాడ కడ్తాండావు?"

"దీని ముక్కుకు," అన్నాడు బావ, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "గాలులు మొదలైనప్పటి నుంచి కడ్తాండా. ఆ పొడంతా లోపలికి పోతే ఇంజను మాత్రం బతుకుతాదా? మనిషైనా అంతే, మిషనైనా అంతే. నీ కాడికి వచ్చినప్పుడు ఇప్పేస్తా. షెడ్డులో పొడి ఉండదు గదా."

ఓబులేసు సీటు దగ్గరికి వచ్చి వంగి చూశాడు. ఇంజను గాలి పీల్చే గొట్టం మూతికి ఆ గుడ్డ నాలుగు మడతలు వేసి బిగించి ఉంది. దారిలో తెల్ల పొడి పడి, తడికి పట్టుకుని, డోన్ చేరేసరికి అది సిమెంటు పూసినట్టు గట్టిపడేదట. అలా గట్టిపడితే బాగా పనిచేస్తోందని బావ సంతోషించేవాడట. ఓబులేసు గుడ్డ అలాగే ఉంచి ఇంజను స్టార్ట్ చేసి గట్టిగా రేజ్ చేశాడు. గుటకలు వేస్తూ నల్లగా కక్కింది. గుడ్డ లాగేశాడు. కాసేపటికి పొగ పలచబడి చప్పుడు నున్నగా అయిపోయింది. మళ్ళీ కట్టాడు, మళ్ళీ నలుపు. మళ్ళీ విప్పాడు. మా ముగ్గురికీ అర్థమైపోయాక కూడా అతను ఇంకోసారి చేసి చూశాడు.

తర్వాత వెనక డోరు దగ్గరికి వెళ్ళి అంచు చుట్టూ తడిమాడు. రబ్బరు ఎప్పుడో ఎండి ఊడిపోయింది. జేబులోంచి తెల్ల రుమాలు తీసి డోరు లోపలి అంచు మీద రాశాడు. రుమాలు కాటుక అయింది. సరిగ్గా అక్క తల పెట్టుకునే చోటు అది.

"మనిషికి ముక్కూ నోరూ మూస్తే ఏమైతాది దాసన్నా? దీనికీ అదే అయింది. గాలి అందక ఉత్త పెట్రోలే తాగింది. అది సరిగ్గా కాలక ఇసం పొగ అయింది. ముందు నీ అద్దం సందు తీసింటివి, ఎనక రబ్బరు ల్యా. బండి కదిలితే ఆ పొగంతా ఎనక నుంచి లోపలికి గుంజుకుంటాది. మిగతా అద్దాలన్నీ మూసేస్తివి," అని నిదానంగా చెప్పి, అక్క వైపు చూడలేక తల తిప్పుకున్నాడు.

నేను షెడ్డులో అన్న మాట మా అందరి మధ్యా నిలబడినట్టు అనిపించింది. ఓబులేసు దాన్ని ఎత్తి నన్ను దెప్పలేదు, అంత మర్యాద అతనికి ఉంది. బావే ఎత్తాడు. తడిసిన గుడ్డ చేతిలో పట్టుకుని, దాన్నీ నన్నూ చూస్తూ అడిగాడు.

"ఆ పొద్దు ఓబులేసును ఒక మాటంటివే కృపా. తడిగుడ్డతో గొంతు కోస్తాడని. అది నన్ను అనాల్సింది గదా మే?"

ఆయన మీద జీవితమంతా దాచుకున్న కోపం నాకు ఆ నిమిషంలో ఒక్క చుక్క మిగల్లేదు.  ఆయన గుడ్డను పెంటకుప్ప మీద పారేసి, కొళాయి కింద తల పెట్టి అలాగే కూర్చున్నాడు. అక్క కుర్చీలోంచి లేవకుండా, "పోనీలేప్పా, నేను ఉండా గదా," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చూపు ఆయన మీద లేదు, పెంటకుప్ప మీదుంది.

ఓబులేసు వెనక డోరుకు కొత్త రబ్బరు వేశాడు, పొగ గొట్టం బిగించాడు, ప్లగ్గులు మార్చాడు. బండి ఇప్పుడు తుమ్మకుండా నడుస్తుంది. అద్దాలన్నీ తెరిచే ఉంటాయి. డోన్ చేరేసరికి మేమంతా తెల్లగా అయిపోతాం, అయినా సరే. అక్క కర్నూల్లో తూలకుండా దిగుతోంది. డాక్టరమ్మ కూడా సంతోషించింది.

అక్క మాత్రం బండిలో నిద్రపోవడం లేదు. పరుపు మీద అటూ ఇటూ దొర్లుతుంది, కాళ్ళు గీరుకుంటుంది, దారి పొడవునా కళ్ళు తెరిచి పైకప్పు చూస్తుంది. ఇంట్లో ఎలాగూ నిద్ర లేదు. మొన్న మేం ముగ్గురం వెళ్తుండగా, ఊరి కుప్పలు దాటాక, వెనక నుంచి మెల్లగా బావను పిలిచింది.

"ఏమప్పా. ఆ గుడ్డ ఒకపారి కట్టరాదా? కర్నూలు దాకా వద్దు. డోన్ దాకా కట్టు సాలు."

నేను తిరిగి చూశాను. హాస్యానికి అంటోందేమో అనుకున్నాను. ఆమె నవ్వడం లేదు. అలసిపోయిన మనిషి మంచినీళ్ళు అడిగినట్టు అడిగింది. బావ వినిపించనట్టు బండి తోలాడు. తన పక్క అద్దాన్ని మాత్రం అడుగుదాకా దించాడు.

మరుసటి ట్రిప్పు పొద్దున నేను వాళ్ళ ఇంటికే వెళ్ళాను. పెరట్లో తీగ మీద ఆ గుడ్డ ఆరేసి ఉంది. పెంటకుప్ప మీంచి ఎవరో తెచ్చి, సబ్బు పెట్టి, మసి పోయేదాకా ఉతికారు. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. బావ దాన్ని చూశాడు. నేను చూడటం కూడా చూశాడు. తీగ మీంచి లాగి, పెరట్లో వాడకం మానేసిన నీళ్ళ పొయ్యిలో పెట్టి అంటించాడు. తడి గుడ్డ అంత తొందరగా అంటుకోలేదు, చాలాసేపు పొగ వచ్చింది.

ఆ ఇంట్లో అక్క పాత చీరలు ఒక పెట్టె నిండా ఉన్నాయి, గుడ్డ కావాలంటే ఒకటి చింపడమే. అందుకే ఇప్పుడు బావ అక్కను పరుపు మీద పడుకోబెట్టాక వెంటనే బండి తీయడు. ముందు సీటు లేపి, వంగి, గొట్టం మూతి చుట్టూ చేత్తో తడిమి చూస్తాడు. ఆయన అలా తడుముతున్నంతసేపూ అక్క వెనక నుంచి చూస్తూనే ఉంటుంది.